ఎత్తు బెల్లం

"సక్కూ, రాత్రి నేను దూదినైపోయిన్నే."

మా వదినె దేవవ్వ పొద్దున్నే ఇలా మొదలుపెట్టేది. నేను రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుండేదాన్ని. ఆమె గోడకు ఆనుకుని, మా బాపు మగ్గం ఉండిన గుంతలోకి కాళ్లు వేలాడేసుకుని కూర్చునేది. మగ్గం అమ్ముడుపోయింది, గుంత మాత్రం మాకు మిగిలింది. గుంతను ఎవరు కొంటారు?

"మన ఇంటి గూనపెంక మీదికెళ్లి లేసిన. గాలి ఎటు కొడితే అటు. కోరుట్ల తొవ్వ మీద బండ్లు పోతున్నయ్, ఆటి మీదికెళ్లి నేను పోతున్న. కింద నువ్వు కండెలు సుడుతున్నవ్. పిలిస్తే నీకు ఇనవడలే. ఎంత అల్కగ ఉన్ననో తెల్సా!"

జబ్బు మనుషులకు పీడకలలు వస్తాయంటారు. మా వదినెకు మాత్రం ఇట్లాంటివే వచ్చేవి. ఒకనాడు ఆమె వాన వెలిసాక ఎగిరే తూనీగ. ఇంకొకనాడు మా మెట్‌పల్లి నుంచి గోదావరి దాకా సాగదీసిన పడుగు మీద నడిచి పోయింది, ఒక్క పోగు కూడా కుంగలేదట. ఏ కలలోనూ ఆమెకు బరువు లేదు. చెప్పేటప్పుడు ఆ పాలిపోయిన ముఖంలోకి ఎక్కడి నుంచో వెలుతురు వచ్చేది. నాకు కూడా ఆ కలలు బాగుండేవి. వింటూ వింటూ నేనూ ఆమె వెంట ఊరి మీదుగా పోయేదాన్ని. కండె నిండిపోయి దారం జారిపోతున్నా తెలిసేది కాదు. మా అన్న పర్శరాములు మిగిలిన రెండో మగ్గంలోంచి "చెల్లే, కండె!" అని అరిస్తే గాని ఈ లోకంలోకి వచ్చేదాన్ని కాదు.

భర్త పోయాక అన్న ఇంటికి వచ్చినదాన్ని నేను. నా నోరు కొంచెం పెద్దది. వాడకట్టు వాళ్లు గయ్యాళి అంటారు, అననీ. ఆ ఇంట్లో నోరున్నది నాకొక్కదానికే. మా అన్న నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. వదినె అయితే అడగకముందే సరే అంటుంది. ముగ్గురిలో ఒక్కరైనా అరవకపోతే ఇల్లు నడుస్తుందా?

ఈ కలలకు ముందటి వానకాలం వదినెకు దగ్గు పట్టుకుంది. నేతపని ఇండ్లలో దగ్గు కొత్తదేం కాదు. నూలు దుమ్ము, చీకటి కొట్టు, చెమ్మ గుంత. కషాయాలు తాగించాం, ఎవరేది చెబితే అది నాకించాం. ఒకనాడు సాయంత్రం అన్నం వారుస్తూ వారుస్తూ రక్తం కక్కింది. మా అన్న ఆమెను రెండు చేతుల మీద వేసుకుని డాక్టర్ ఇంటికి ఉరికాడు. క్షయ అన్నాడు డాక్టర్.

"ఒకప్పుడైతే చేతులెత్తేసేవాళ్లం. ఇప్పుడు సూదిమందు వచ్చింది. మీ అదృష్టం" అన్నాడు.

ఆ అదృష్టం ఖరీదైనదని తర్వాత తెలిసింది. సూది వేసినందుకు ఆయన ఏమీ తీసుకునేవాడు కాదు, మంచివాడే. కాని మందు సీసాలు మేమే నిజామాబాదు నుంచి కొని తేవాలి. ఒక వారమా, రెండు వారాలా, నెలల తరబడి. ముందు వదినె కాళ్ల కడియాలు బస్సెక్కి నిజామాబాదు పోయాయి. వాటి వెనక నా ముక్కుపుల్ల పోయింది. ఆ తర్వాత బాపు మగ్గం. ఒక్కో సీసా బొటనవేలంత ఉండేది. అంత పెద్ద మగ్గం ఆ బొటనవేలంత సీసాల్లో ఎట్లా పట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇది చాలదన్నట్టు మొక్కు ఒకటి. రక్తం కక్కిన సాయంత్రమే మా అన్న, ఎన్నడూ గొంతు పెంచనివాడు, డాక్టర్ వాకిట్లో వేములవాడ శివుడి గుడి దిక్కు తిరిగి వాడకట్టంతా వినేటట్టు మొక్కుకున్నాడు.

"రాజన్నా! నా దేవవ్వను నిలవెట్టు తండ్రీ. లేసి తిరిగిననాడు దాని ఎత్తు బెల్లం జోకిస్త!"

ఎత్తు బెల్లం అంటే, త్రాసులో ఒక పక్క మనిషిని కూర్చోబెట్టి రెండో పక్క బెల్లం వేస్తారు. రెండు తట్టలూ సరిసమానంగా నిలిచేదాకా జోకి ఆ బెల్లం దేవుడికి ఇస్తారు. జబ్బు తగ్గి మనిషి లేచి తిరిగాక చెల్లించాలి. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం. మా అన్నకు మొక్కడం కూడా చేతకాలేదు. కొబ్బరికాయ లేదా? తలనీలాలు లేవా? వెంట్రుకలకు ఖర్చే లేదు గదా! "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె" అని నేను అననే అన్నాను. వదినె విన్నది.

సూదులు పనిచేశాయి. రక్తం ఆగింది, సాయంత్రపు జ్వరం పోయింది, దగ్గు కూడా అప్పుడప్పుడు తలుపు తట్టి పోయే చుట్టంలా తయారైంది. అయితే మనిషి మాత్రం ఇంకుతూనే ఉంది. పోయినప్పుడల్లా డాక్టర్ ఆమెను కాంట మీద నిలబెట్టేవాడు, ముల్లు చూసి కనుబొమలు ముడిచేవాడు.

"బరువు పెరగాలమ్మా. పాలు, గుడ్డు, వీలైతే మాంసం. మందు ఒక్కటే ఎంతని కొట్లాడుతుంది?" అనేవాడు.

మా అన్న బీడీలు మానేశాడు, హోటల్ చాయ మానేశాడు. గొల్లోళ్ల ఇంటి నుంచి పాలు కట్టించాడు. పెట్టలు రెండు తెచ్చాడు. అన్నా నేనూ జొన్న గట్క తాగి పడుకునేవాళ్లం, ఆమెకు మాత్రం చెంబు నిండా పాలు, రోజూ ఒక గుడ్డు. నేను పాలు కాచి చేతికిస్తే, "వేడున్నయ్ సక్కూ, సల్లారనియ్యి" అని చెంబు పట్టుకుని వెనక కొట్టంలోకి పోయేది. ఖాళీ చెంబుతో వచ్చేది, మూతి తుడుచుకుంటూ. నాకు కడుపు నిండినట్టు అనిపించేది.

ఆ రోజుల్లోనే మాకు నూలిచ్చి చీరెలు నేయించుకునే సావుకారి కైలాసం మా అన్నను తెగ మెచ్చుకున్నాడు. చీరెను చెంపకు ఆనించుకుని చూశాడు.

"ఏం గంజి వెడుతున్నవ్ పర్శరాములూ? గింత నునుపు నీ చేతిల ఎన్నడు సూడలే."

"ఎప్పటిదే సేట్" అన్నాడు మా అన్న. ఆయన నిజమే చెప్పాడు, పాపం.

డాక్టర్ దగ్గరికి మళ్లీ పోయినప్పుడు కాంట ముల్లు ముందటికంటే కిందికి దిగింది. ఈసారి ఆయన కోప్పడలేదు. అందుకే నాకు భయం వేసింది. వదినెను బయట కూర్చోబెట్టి మాతో నెమ్మదిగా మాట్లాడాడు. "వచ్చేసారికి ఈమె పెరగకపోతే, ఇన్నాళ్ల సూదులు దండుగైనట్టే. జబ్బు తిరగబెడితే నా దగ్గర వేరే మందు లేదు. ఇంట్లో ఆమెకు ఏం పెడుతున్నారో మీరే చూసుకోండి." మా అన్న తల ఊపాడు. దారి పొడుగునా ఆమె చేయి పట్టుకుని నడిచాడు, పది మంది చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా.

మర్నాడు తెల్లవారుజామున వాడకట్టులో పడుగు సాగదీశాం. మంచు ఇంకా నేల మీదే ఉంది. ఈ కొస నిలబడితే ఆ కొస కనిపించదు. తెల్లటి పోగులన్నీ తెల్లటి మంచులోకి పోయి మాయమవుతున్నాయి. అన్న కుంచెతో గంజి పట్టిస్తూ వస్తున్నాడు. పొద్దు పొడిచాక చూస్తే పడుగు మీద నల్లటి గీత ఒకటి కదులుతోంది. చీమలు.

"చెల్లే! బెల్లం చేతులతోని కండెలు సుట్టినవా?" అన్నాడు అన్న.

"గీ ఇంట్ల బెల్లం మొకం జూసి ఎన్నొద్దులైంది? తినేటోళ్లకు లేదు గని చేతులకు పూసుకుంటనా?" అని నేనూ లేచాను.

కోపం వచ్చిందంటే నేను ఊరికే ఉండను. చీమల బారు వెంట నడిచాను. పడుగు దాటి, గడప దాటి, వెనక కొట్టంలో గంజి కుండ దగ్గర తేలింది బారు. మూత తీశాను. గంజి మీద చేతి మందాన మీగడ కట్టి ఉంది. గరిటెతో కదిపితే గుడ్డు సొన తీగలు తీగలుగా పైకి వచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వేములవాడ ఈశ్వరుడు పట్టలేదు గాని మెట్‌పల్లి చీమలు పట్టాయి.

వదినె గుంత ఒడ్డున కూర్చుని ఉంది. కుండను ఎత్తుకుపోయి ఆమె ముందు పెట్టాను.

"ఏంది వదినే ఇది?"

ఆమె దాచడానికి చూడలేదు. చిన్నపిల్లలా తల వంచుకుంది. "పారవోస్తే పాపం గదా సక్కూ. గంజిల కలిపితే చీరెలకన్న వోతయ్. ఇంట్లనే ఉన్నట్టు."

"తాగుమని ఇస్తే గంజిల ఎందుకు కలిపినవ్?"

"డాక్టరేమో బరువు పెరుగుమంటడు. నేను పెరిగినకొద్ది రాజన్నకు ఇచ్చే బెల్లం పెరుగుతది. సూదులకే ఇల్లు ఊడ్సుకపోయింది. ఇగ ఉన్నది గా ఒక్క మగ్గం. నేను లావెక్కితే అది గూడ పోతది. మగ్గం లేకుంటె మీ అన్న ఏం చేస్తడు? నాకు దగ్గు తగ్గింది, జరం తగ్గింది. ఇంతల్నే ఉంటె మొక్కు గూడ అల్కగ తీరిపోతది అనుకున్న."

ఆమె ఆ మాట ఎంత నెమ్మదిగా, ఎంత లెక్కగా చెప్పిందంటే, ఒక్క క్షణం నాకు కూడా సరే అనిపించింది. నూలు జోకి తెచ్చుకుని చీరెలు జోకి ఇచ్చే బతుకులు మావి. బరువు తక్కువైతే సావుకారి మజూరీ కోస్తాడు. దేవుడి దగ్గర మాత్రం తక్కువుంటే లాభం అనుకుంది పిచ్చిది. మరుక్షణం నాకు ఒళ్లు మండిపోయింది.

"పిస్స లేసిందా నీకు? నువ్వే లేకుంటె మొక్కే ఉండది. గప్పుడు ఇంక అల్కగుంటది మాకు!"

"నాకేం గాదే. రాత్రి కలల నేను..."

"నీ కలలల్ల మన్ను వడ!" అని అరిచాను.

అరిచాక గాని నాకు తట్టలేదు. దూది కావడం, తూనీగ కావడం, పోగు కుంగకుండా నడవడం, అవి కలలు కావు. అది ఆకలి. కడుపులో ఏమీ లేని మనిషికి రాత్రంతా ఒళ్లు తేలిపోతుంటే, పొద్దున్నే అది నాకు కథగా చెప్పేది. నెలల తరబడి నేను మురిసిపోతూ విన్నది మా వదినె ఆకలిని. కుండ అక్కడే వదిలేసి గోడ వైపు తిరిగి ఏడ్చాను.

నా అరుపుకు అన్న లోపలికి వచ్చాడు. నేను చెప్పాను, వాడకట్టుకు కూడా వినపడేటట్టే చెప్పాను. ఆయన కుండలోకి చూశాడు, ఆమె వైపు చూశాడు. తిడతాడేమో అనుకున్నాను, తిట్టలేదు. నేసి పెట్టిన చీరెలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఆ నునుపు చీరెల మీద సావుకారి కైలాసం ముందుమజూరీ కూడా ఇచ్చాడట. అన్న తిరిగి వచ్చింది రాయమల్లు బండి మీద. రాయమల్లు మాకు ఎరుకైన రైతు, రాజన్నకు మొక్కిన కోడెను ఇయ్యడానికి మర్నాడే వేములవాడ పోతున్నాడు. బండిలో బెల్లం బస్తాలు ఉన్నాయి.

"రేపు పోతున్నం. మొక్కు తీరుస్తున్నం" అన్నాడు అన్న.

"బాగైనంక గదా తీర్చుడు! నేనింక బాగు గాలేదంటున్నరు గదయ్యా మీరే" అన్నది వదినె.

"ఏరు దాటినంక బోడి మల్లన్న అనేటోళ్లు ఉంటరు. నేను దాటకముందే పడవ కిరాయి ఇస్తున్న. ఆడ జోకిననాడు నువ్వు ఎంత తూగితే అంతే రాజన్నది. తెల్లారి సంది పెరిగినదానితోని ఆయనకు సంబంధం లేదు. ఇనవడ్డదా?"

"గిన్ని బస్తాలెందుకు తెచ్చినవ్?"

"నా పెండ్లాం ఎంత బరువుంటదో నాకు ఎరుక లేదా? గా సాయంత్రం చేతుల మీద మోసుకపోలేదా?" అన్నాడు. అంత మాట్లాడటం ఆయన జన్మలో అదే మొదలు.

బండి మంచులోనే బయలుదేరింది. బెల్లం బస్తాల మీద గొంగడి పరిచి వదినెను పడుకోబెట్టాం. రాయమల్లు కోడెను బండి వెనక కట్టాడు. అది నడుస్తూ నడుస్తూ మెడ చాపి బస్తాను నాకేది, వదినె నవ్వి దాని మూతిని పక్కకు నెట్టేది. చెరుకు తోటలు, జొన్న చేలు, మంచులోంచి ఒక్కొక్కటిగా వచ్చి మళ్లీ మంచులోకి పోతున్నాయి. ఎద్దుల గంటలు మా బండివో ఇంకో బండివో తెలియడం లేదు. మేం కదులుతున్నామా, ఊళ్లే మమ్మల్ని దాటి పోతున్నాయా అనిపించింది. వదినె కళ్లు మూసుకుని ఉంది. కల చెబుతుందేమోనని భయపడ్డాను. చెప్పలేదు. దారిలో ఒకచోట దిగి అన్న ఆమెకు పాలు తాగించాడు, ఆఖరి గుక్క దాకా చెంబు వదల్లేదు.

రెండో నాడు వేములవాడ చేరాక గుడి గుండంలో స్నానాలు చేసి త్రాసు దగ్గరికి పోయాం. పెద్ద పెద్ద తట్టలు, ఇనుప గొలుసులు. వదినెను ఒక తట్టలో కూర్చోబెట్టారు. కొత్త రవికె, నా పాత చీరె, తలకు పసుపు. రెండో తట్టలో త్రాసు మనిషి బెల్లం గడ్డలు వేయడం మొదలుపెట్టాడు. నాలుగు వేశాడో లేదో వదినె కాళ్లు నేల విడిచాయి. ఇంకొన్ని వేశాడు. తట్టలు రెండూ ఊగి, సరిసమానంగా నిలబడ్డాయి.

"సాలు" అన్నాడు త్రాసు మనిషి.

"ఇంక వెయ్యి. ఇంక పట్టాలె" అన్నాడు అన్న.

"సాలన్న గదనే. దేవుని కాంట ఇది. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

అన్న నమ్మలేదు. వంగి గొలుసులు చూశాడు, మెలిపడ్డాయేమోనని. తట్ట కింద చేయి పెట్టి చూశాడు, ఏదైనా అడ్డం ఉందేమోనని. ఏమీ లేదు. గాలి మాత్రమే ఉంది. అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. ఒక బస్తా విప్పనే లేదు. ఇంకోదాంట్లో సగం అట్లాగే ఉంది.

ఆయన ఆ బస్తాల ముందు చతికిలబడ్డాడు. బాపు మగ్గం విప్పి బండికెక్కించినప్పుడు కూడా నేను ఆ మనిషిని ఏడ్వగా చూడలేదు. ఇప్పుడు బస్తా మీద అరచేయి పెట్టి, మనిషి వీపు నిమిరినట్టు నిమురుతూ ఏడుస్తున్నాడు.

"దేవవ్వా, గింత యాడ పోయినవే? గిదంత నువ్వే గదనే" అన్నాడు.

వదినె తట్టలోంచి చూసింది. మొదట ఆమెకు అర్థం కాలేదు. నవ్వు ముఖంతోనే చూస్తోంది, మొక్కు అల్కగ తీరిందన్న తృప్తితో. తర్వాత ఆ బస్తాల వైపు చూసింది, తన మణికట్టు వైపు చూసుకుంది, మళ్లీ బస్తాల వైపు చూసింది. ఆ నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమె కళ్లలో భయం చూశాను. ఆ భయం చూసి నాకు దేవుడిని చూసినంత సంతోషమైంది.

తట్ట గొలుసు పట్టుకుని ఆమే దిగింది. వచ్చి అన్న పక్కన కూర్చుంది. "పగలగొట్టియ్యి" అన్నది.

అన్న బెల్లం గడ్డను రాతి మీద కొట్టాడు. పెళ్లను ఆమె నోట్లో పెట్టాడు. ఆమె నమిలింది, గుటక పడక ఏడ్చింది, నీళ్లు తాగి మళ్లీ నమిలింది. మూతికి, చెంపలకు, చీరె కొంగుకు అంతా బెల్లం. చుట్టూ ఉన్న జనం అది మొక్కు బెల్లం అనుకున్నారు. ముసలమ్మలు, పిల్లలు, తలనీలాలిచ్చి గుండ్లతో ఉన్నవాళ్లు, అందరూ ప్రసాదానికి చేతులు చాపుకుంటూ మీదికి వచ్చారు.

చెప్పానుగా, నా నోరు పెద్దది. బస్తాకు అడ్డంగా నిలబడ్డాను.

"దేవునిది అగో, గా తట్టల ఉన్నది. అండ్ల తీసుకోండ్రి. ఇది ముట్టొద్దు. ఇది మా వదినెది!"

జనం వెనక్కి తగ్గారు. నా వెనక వదినె చెయ్యి చాపి ఇంకో పెళ్ల అడిగింది.